వేటకు పుట్టిన కుక్క, వేట లేని ఇల్లు

రెడింగ్ నుంచి ఒక పాఠకురాలు పెద్ద ఉత్తరం రాశారు. పేరు వెయ్యొద్దని కోరారు. కొంత కుదించి ఇక్కడ ఇస్తున్నాను.

ఆవిడా, భర్తా చాలాకాలంగా ఇంగ్లండ్‌లో ఉంటున్నారు. పదకొండేళ్ల పాప, ఆరేళ్ల బాబు. కుక్కపిల్ల కావాలని పాప ఏళ్ల తరబడి పోరు పెడుతుంటే నిరుడు వేసవి చివర్లో సరేనన్నారు. భర్తతో కలిసి పనిచేసే ఒకాయన చెప్పగా విల్ట్‌షైర్‌లో ఒక గేమ్‌కీపర్ ఇంటికి వెళ్లారు. వేట ఎస్టేట్లలో పక్షుల్ని పెంచి కాపలా కాసే ఉద్యోగి ఆయన. అక్కడి నుంచి ఎనిమిది వారాల కాకర్ స్పానియల్ పిల్లను తెచ్చుకున్నారు. నల్లగా నిగనిగలాడుతోందని పాప దానికి కాటుక అని పేరు పెట్టింది. "కాకర్ అంటే పొడవాటి చెవులతో సోఫా మీద ముద్దుగా కూర్చునే కుక్క అనుకున్నాం. దీని చెవులు పొట్టి, బొచ్చు తక్కువ, తోక సగమే ఉంది. అయినా పిల్లగా ఉన్నప్పుడు అవేవీ పట్టించుకోలేదు" అని రాశారు.

ఇప్పుడు కాటుకకు పద్నాలుగు నెలలు. రోజుకు రెండు గంటలు నడిపించినా, పార్కులో బంతి విసిరీ విసిరీ చెయ్యి నొప్పెట్టినా, ఇంటికొచ్చాక అది పది నిమిషాలు కుదురుగా పడుకోదు. సోఫా మూల కొరికేసింది. పెరడంతా తవ్వేసింది. సాయంత్రం గోడ మీద పడే వెలుగు మచ్చల వెంట, నీడల వెంట పరుగెడుతోంది. ఏప్రిల్‌లో పొలాల పక్క దారిలో లీడ్ విప్పగానే ఒక ఫెజెంట్ పక్షి వెంటపడి, గొర్రెలూ గొర్రెపిల్లలూ ఉన్న పొలంలోంచి దూసుకుపోయింది. అరగంటకు గానీ తిరిగిరాలేదు. ఆ రైతు వచ్చి గట్టిగా హెచ్చరించాడు. పాప దాన్ని డాగ్ షోకు తీసుకెళ్లాలని ముచ్చటపడి, షోలకు తర్ఫీదు ఇచ్చే తరగతికి వెళ్తే, "ఇది వేటపనికి పెంచే వర్కింగ్ కాకర్, పైగా తోక కత్తిరించి ఉంది, షోలో పెట్టడం కుదరదు" అన్నారట. పాప ఏడ్చింది. తోక పుట్టుకతో అంతే కాదనీ, ఎవరో కత్తిరించారనీ ఆవిడకు అప్పుడే తెలిసింది.

ఇంట్లో ఒక్కొక్కరిదీ ఒక్కో మాట. "దీన్ని తిరిగిచ్చేసి షో కాకర్‌ను తెచ్చుకుందాం, అదే జాతి, నెమ్మదిగా ఉంటుంది" అని భర్త. మళ్లీ ఆయనే, నవంబరులో సహోద్యోగి పక్షుల వేటకు రమ్మన్నాడనీ, కాటుకను తీసుకెళ్తే దానికి చేతినిండా పని దొరుకుతుందనీ ఉత్సాహపడుతున్నారు. శాకాహారుల ఇంటి కుక్కకు అదేం పని అని ఆవిడ బాధ. ఆర్నెల్లు ఉండి వెళ్దామని గుంటూరు నుంచి వచ్చిన అత్తగారు, కుక్క కోసం ఇన్ని గొడవలేమిటమ్మా అంటున్నారు. "తప్పు కుక్కదా, మాదా? ఇచ్చేస్తే పాపమా? ఉంచుకుంటే నేను తట్టుకోగలనా?" అని ఉత్తరం ముగించారు.

సమాధానం

అమ్మా,

మొదటి ప్రశ్నకు వెంటనే జవాబు చెప్పేస్తాను. తప్పు కాటుకది కాదు. మీది కూడా పెద్దగా లేదు. ఒకే పేరు మీద పనికొకటి, షోకొకటి అని రెండు రకాల కుక్కలున్న దేశంలో ఆ తేడా మీకు ఎవరూ చెప్పలేదు. ఆ గేమ్‌కీపర్ కళ్లకు కాకర్ అంటే కాటుక లాంటిదే. సోఫా మీద పెట్టుకోవడానికి కాకర్‌ను కొనేవాళ్లుంటారని ఆయనకు తట్టి కూడా ఉండదు.

ఈ తేడా ఎక్కడ మొదలైందో కొంచెం చెప్పాలి. మీవారి "అదే జాతి కదా" అన్న మాట ఎంతవరకు నిజమో ఇక్కడే తేలుతుంది. ఈ దేశంలో తొలి డాగ్ షోగా చెప్పుకునేది 1859లో న్యూకాసిల్ అపాన్ టైన్‌లో జరిగింది. దానికి వచ్చినవన్నీ పాయింటర్లు, సెట్టర్లు. అన్నీ వేటకుక్కలే. గెలిచినవాళ్లకు ఇచ్చిన బహుమతి తుపాకి. అందానికి వేరే కుక్క, పనికి వేరే కుక్క అన్న ఆలోచన ఆనాడు లేదు. 1865లో బెడ్‌ఫర్డ్‌షైర్‌లోని సౌత్‌హిల్‌లో తొలి ఫీల్డ్ ట్రయల్ జరిగింది. కుక్కను పొలంలోకి వదిలి దాని పనితనాన్ని చూసే పోటీ అది. 1873లో, కుక్కల జాతుల్ని నమోదు చేసి పోటీలకు నియమాలు పెట్టే కెన్నెల్ క్లబ్ పుట్టింది. అప్పటికి కాకర్‌కు జాతిగా గట్టి హద్దులే లేవు. ఒకే ఈతలో పుట్టిన స్పానియల్ పిల్లల్లో పెరిగాక 25 పౌండ్ల లోపు తూగేవాటిని కాకర్లనీ, అంతకు మించినవాటిని స్ప్రింగర్లనీ అనేవారు.

తర్వాత రెండు పోటీలూ రెండు దారులు పట్టాయి. షోలో న్యాయనిర్ణేత చూసేది తల తీరు, చెవులు, బొచ్చు, నడక. ట్రయల్‌లో చూసేది ముక్కు, వేగం, యజమాని మాట వినడం. షోలలో గెలిచిన మగకుక్కలతో షో మనుషులు, ట్రయల్స్‌లో గెలిచినవాటితో వేట మనుషులు తమ ఆడకుక్కల్ని జత కట్టించుకుంటూ పోయారు. 1930 నుంచి 1950 మధ్య 'ఆఫ్ వేర్' పేరుతో కుక్కల్ని పెంచే ఒక్క కెన్నెల్ కాకర్లే, ఈ దేశపు ప్రసిద్ధ డాగ్ షో క్రఫ్ట్స్‌లో ఆరుసార్లు షో మొత్తానికీ మేటి కుక్కలుగా నిలిచాయి. అలాంటి విజయాలు చూసిన జనానికి ఇంట్లో ఏ కాకర్ కావాలనిపిస్తుందో చెప్పనక్కర్లేదు. గన్‌డాగ్ జాతుల్లో, అంటే తుపాకి వేటలో సాయపడే కుక్కల్లో, చాలావాటికి ఇదే కథ. 1932లోనూ 1933లోనూ క్రఫ్ట్స్‌లో అగ్రస్థానం పొందిన లాబ్రడార్ బ్రామ్‌షా బాబ్, కౌంటెస్ లోర్నా హౌ గారి కుక్క, ఫీల్డ్ ట్రయల్ ఛాంపియన్ కూడా. రెండు వైపులా గెలిచిన అలాంటి లాబ్రడార్ ఈ దేశంలో కనిపించి దశాబ్దాలు దాటింది. కెన్నెల్ క్లబ్ కూడా ఈ చీలికను గుర్తించింది. షోలలో ముగ్గురు వేర్వేరు న్యాయనిర్ణేతల చేత మూడు సర్టిఫికెట్లు పొందిన గన్‌డాగ్‌కు 'షో ఛాంపియన్' అన్న బిరుదే ఇస్తారు. ఉత్త 'ఛాంపియన్' కావాలంటే పనిలో కూడా అర్హత చూపించాలి. ఫ్లాట్‌కోటెడ్ రిట్రీవర్, హంగేరియన్ విజ్లా లాంటి కొన్ని జాతుల్లో ఈ దూరం తక్కువ. కాకర్లలో చాలా ఎక్కువ.

మీ అత్తగారిది గుంటూరు కాబట్టి ఆవిడకు ఇది నాకంటే బాగా తెలుసు. ఒంగోలు గిత్తల్లో బండలాగుడు పందేలకు తయారయ్యేవీ ఉంటాయి, ప్రదర్శనల్లో మూపురం, ఒళ్లు చూసి బహుమతులిచ్చేవీ ఉంటాయి. పందెపు గిత్తను కొని ఏడాదంతా కొట్టంలో కట్టేసి, ఇది కుమ్ముతోందేమిటి అని ఎవరూ అడగరు.

ఇప్పుడు కాటుక రక్తంలో ఏముందో చూద్దాం. స్పానియల్ పని ముళ్లపొదల్లో. వేటగాడికి ముందు, తుపాకి అందే దూరంలోనే, కుడికీ ఎడమకూ తిరుగుతూ పొదలన్నీ ముక్కుతో గాలించాలి. పక్షిని లేపాలి. ఎక్కువమంది వదిలేసే సంగతి తర్వాత వస్తుంది. పక్షి లేచిన క్షణంలో కుక్క కూర్చుండిపోవాలి. తుపాకి మోగినా కదలకూడదు. పక్షి ఎక్కడ పడిందో చూసి గుర్తుంచుకోవాలి. చెప్పినప్పుడే వెళ్లాలి. పంటి గాటు పడకుండా మెత్తగా నోట కరిచి తెచ్చి చేతికివ్వాలి. ట్రయల్‌లో చెప్పకుండా ఉరికిన కుక్కను, లేచిన పక్షి వెంటపడిన కుక్కను, పక్షిని నలిపిన కుక్కను అక్కడికక్కడే తప్పిస్తారు. ఈ పనితనంలో సగం పరుగైతే సగం నిగ్రహం. పరుగు దానికి పుట్టుకతో వచ్చింది. నిగ్రహం నేర్పితే వస్తుంది. నేర్చుకోగల తెలివి కూడా దానికి పుట్టుకతోనే ఉంది, మీకు ధైర్యం చెప్పే సంగతి అదే. మనిషి ముఖం చూసి, మనిషితో కలిసి పని చెయ్యాలన్న కోరిక వర్కింగ్ కాకర్‌లో ఉన్నంతగా చాలా కుక్కల్లో ఉండదు.

అందుకే బంతి ఆట మానెయ్యమంటున్నాను. ఈ మాట మీకు కష్టంగా ఉంటుంది, ఎందుకంటే మీరు చెయ్యి నొప్పెట్టేదాకా విసురుతున్నది దాని మంచి కోసమే. కానీ విసిరిన బంతి వెనక వందసార్లు పరుగెత్తిన కుక్క నేర్చుకునేది ఒకటే: కదిలేదాని వెంట వెంటనే ఉరకాలి. ఏప్రిల్‌లో ఆ ఫెజెంట్ విషయంలో అది చేసిందీ అదే. పైగా ఎంత పరుగెత్తిస్తే ఒంటికి అంత సత్తువ పెరుగుతుంది. నెల తిరిగేసరికి మూడు గంటలు కావాలంటుంది. దాన్ని అలసిపోయేలా చేసేది ముక్కు పని, ఆగి ఉండే పని. అదే బంతిని అది చూడకుండా పొడవాటి గడ్డిలో దాచి, కూర్చోబెట్టి, లెక్కపెట్టినట్టు కాసేపు ఆపి, ఆపైన వెతకమనండి. పదిహేను నిమిషాలు అలా వెతికి ఇంటికొచ్చిన కుక్క పడుకునే తీరు వేరేగా ఉంటుంది.

నీడల సంగతి తేలిగ్గా తీసుకోకండి. వెలుగు మచ్చల వెంటపడటం పనిలేని స్పానియళ్లలో, కోలీల్లో కనిపించే అలవాటు. ముదిరితే మాన్పించడం చాలా కష్టం. పిల్లలు సరదాకు టార్చి, లేజరు వెలుగు చూపించి ఆడించకుండా చూడండి. సాయంత్రం ఎండ పడే గదికి కర్టెన్లు వెయ్యండి. మొదలెట్టగానే అరవకుండా, వేరే గదికి పిలిచి చిన్న పని పెట్టండి. ముందు వెట్‌కు (పశువైద్యుడికి) చూపించి, నొప్పి గానీ కంటి సమస్య గానీ లేదని తేల్చుకోండి. ఆయన సిఫార్సుతో యానిమల్ బిహేవియర్ అండ్ ట్రైనింగ్ కౌన్సిల్ జాబితాలో ఉన్న ప్రవర్తన నిపుణుల్ని కలవొచ్చు. మీ పెంపుడు కుక్క బీమాలో ఈ ఖర్చు వస్తుందేమో కూడా చూడండి, కొన్ని పాలసీలు ఇస్తాయి.

ఇక గొర్రెలు. మిగతావన్నీ నెమ్మదిగా సర్దుకోవచ్చు, ఇది మాత్రం ఇవాళే మొదలవ్వాలి. 1953 చట్టం ప్రకారం పొలంలో కుక్క గొర్రెల్ని తరిమితే యజమాని నేరం చేసినట్టే. కాటుక తరిమింది పక్షినే కావొచ్చు, ఈనిన గొర్రెలకు ఆ తేడా తెలియదు. మందను కాపాడుకోవడానికి వేరే దారి లేక రైతు కుక్కను కాల్చేస్తే, 1971 నాటి చట్టం ఆయనకు రక్షణగా నిలిచే పరిస్థితులున్నాయి. మిమ్మల్ని భయపెట్టడానికి చెప్పడం లేదు. విజిల్‌కు ఆగడం వచ్చేదాకా పొలాల దగ్గర పది మీటర్ల లాంగ్ లైన్ తగిలించే తీసుకెళ్లండి. దాన్ని మెడపట్టీకి కాకుండా ఛాతీ చుట్టూ తొడిగే హార్నెస్‌కు కట్టండి. పరుగులో తాడు బిగుసుకుంటే మెడకు దెబ్బ తగులుతుంది.

తోక విషయం పాపకు చెప్పాలి కాబట్టి వివరంగా రాస్తున్నాను. ఇంగ్లండ్‌లో 2006 జంతు సంక్షేమ చట్టంతో కుక్కల తోకలు కత్తిరించడం నిషేధం. వర్కింగ్ స్పానియళ్ల లాంటి కొన్నిటికి మినహాయింపు ఉంది. పొదల్లో తిరిగేటప్పుడు తోక చివర చిట్లి గాయాలవుతాయని వేట మనుషుల వాదన. అయితే కత్తిరించేది వెటర్నరీ డాక్టరే అయ్యుండాలి, పిల్లకు అయిదు రోజులు దాటకూడదు, అది పనికి వెళ్లే కుక్క అవుతుందనడానికి రుజువు చూపాలి, డాక్టరు సర్టిఫికెట్ ఇవ్వాలి. 2007 ఏప్రిల్ 6 తర్వాత అలా కత్తిరించిన కుక్కను, జనం టికెట్ కొని వచ్చే షోలో ప్రదర్శిస్తే నేరం. దాని పనితనాన్ని చూపించడానికైతే అభ్యంతరం లేదు. ఆ తరగతిలోవాళ్లు పాప మనసు నొప్పించేలా చెప్పి ఉండొచ్చు, కానీ చెప్పింది నిజం. మీ కాగితాల్లో ఆ తోక సర్టిఫికెట్ ఉందేమో వెతకండి. లేకపోతే గేమ్‌కీపర్‌ను అడగండి. రేపు కాటుకను ఎవరికైనా ఇవ్వాల్సివచ్చినా, ఏ వెట్ అయినా అడిగినా అది కావాలి.

ఇప్పుడు మీ ముందున్న దారులు. నాకు తోచినవి చెప్తాను. ఏది పట్టుకున్నా ఇంట్లో ఒకరికి కష్టమే.

ఉంచుకుని పని కల్పించడం ఒకటి. పెంపుడు కుక్కల్ని కూడా చేర్చుకునే గన్‌డాగ్ శిక్షకులు మీ చుట్టుపక్కల దొరుకుతారు. చేరేముందు రెండు ప్రశ్నలు అడగండి: శిక్షణలో కొట్టడం, మెడ బిగించడం లాంటివి ఉంటాయా? చనిపోయిన పక్షుల్ని వాడతారా, డమ్మీలతోనే నేర్పిస్తారా? కొందరు ఒక దశ దాటాక చల్లబరిచిన పక్షుల్ని తెస్తారు. మీకు వద్దంటే ముందే చెప్పొచ్చు. మిగతాదంతా అర పౌండు, పౌండు బరువుండే కాన్వాసు డమ్మీలతోనే. మొదట నేర్పేది విజిల్. ఒక పొడవాటి ఊదు వినగానే ఎక్కడున్నా కూర్చోవాలి, గబగబా చిన్న ఊదులు వింటే వెనక్కి రావాలి. స్పానియళ్లకు చాలామంది బర్మింగ్‌హామ్‌లో తయారయ్యే ఏక్మే కంపెనీ 210½ నంబరు విజిల్ వాడతారు. నంబరు ఒకటే అయితే శ్రుతీ ఒకటే. మీరూ, మీవారూ, పాపా ఒకే నంబరువి మూడు కొనుక్కుంటే ఎవరు ఊదినా కాటుకకు ఒకటే మాట వినిపిస్తుంది. మన గొంతుల్లో అది సాధ్యం కాదు, కోపమొస్తే అసలు కాదు.

ఈ దారికి అయ్యే ఖర్చు డబ్బు కంటే సమయం. వారానికో తరగతి, రోజూ రెండు పూటలా ఇరవై నిమిషాల సాధన. బంతికి వెచ్చిస్తున్న గంటలు తగ్గుతాయి కాబట్టి మొత్తం మీద ఇప్పటికంటే పెరగదు. కానీ వదిలెయ్యకుండా చెయ్యాలి. మార్పు వారంలో కనిపించదు. మూడు నెలల్లో కనిపించాలి. కనిపించకపోతే శిక్షకుల్ని మార్చడమో, వేరే దారి చూడటమో ఆలోచించండి.

నవంబరు వేట సంగతి. ఫెజెంట్ వేట అక్టోబరు 1 నుంచి ఫిబ్రవరి 1 దాకా నడుస్తుంది. చంపడం, చంపకపోవడం అన్న మాట పక్కన పెట్టి ముందు కుక్క మంచి ఒక్కటే చూద్దాం: ఈ నవంబరుకు కాటుకను తీసుకెళ్లొద్దని మీవారికి గట్టిగా చెప్పండి. ఆగడం తెలియని కుక్కను వందల పక్షులు లేచే చోట వదిలితే మొదటి గంటలోనే ఉరకడం, తరమడం స్థిరపడిపోతాయి. ఆ పాఠాన్ని చెరపడం ఏ శిక్షకుడికైనా కష్టం. తుపాకి చప్పుడు అలవాటు లేని కుక్క దగ్గరి మోతకు బెదిరితే జీవితాంతం ఆ భయం పోకపోవచ్చు, దీపావళికి, ఇక్కడి నవంబరు బాణాసంచాకు కూడా మంచం కింద దూరుతుంది. ఆ సహోద్యోగికి నిజంగా వేటకుక్కలు తెలిసుంటే ఆయనా ఇదే అంటారు.

మీ మనసులోని మాటకొస్తే, శాకాహారుల ఇంట్లో వేటకుక్క ఉండటంలో ఇబ్బందేమీ లేదు. దానికి కావలసింది వెతకడం, కనిపెట్టడం, తెచ్చివ్వడం. చావు అందులో కుక్కకు అవసరమైన భాగం కాదు. మన దేశంలో 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం, ఆ తర్వాత దానికి చేసిన సవరణలతో వేటకు అనుమతి లేకుండా పోయింది. అయినా గన్‌డాగ్ జాతికి చెందిన లాబ్రడార్ ముక్కుకు పని ఆగలేదు. హైదరాబాద్ దగ్గర మొయినాబాద్ కేంద్రంలో శిక్షణ పొందే పోలీసు జాగిలాల్లో అవి ఎన్నో. ఇక్కడ కెన్నెల్ క్లబ్ నియమాలతో గన్‌డాగ్ వర్కింగ్ టెస్టులు జరుగుతాయి. అక్కడ పక్షుల్ని కాల్చరు, అంతా డమ్మీలతోనే. మీవారి పోటీ సరదాకు, మీ మనస్సాక్షికి రెంటికీ చోటున్నది అక్కడే అని నా నమ్మకం. తర్వాతెప్పుడైనా ఆయన వేటకే వెళ్లాలనుకుంటే, అది భార్యాభర్తలుగా మీరిద్దరూ మాట్లాడుకుని తేల్చుకోవలసిన విషయం. కుక్కను సాకుగా పెట్టి తేల్చుకోకండి.

ఇంట్లోనే మొదలెట్టదగిన ఇంకో పని ఉంది, సెంట్‌వర్క్. ఒక వాసనను నేర్పి, దాచిన చోటు నుంచి కనిపెట్టించే ఆట. ఇక్కడి తరగతుల్లో చాలాచోట్ల మొదట నేర్పేది లవంగం వాసన. చిన్న గుడ్డముక్కల్ని లవంగాలున్న సీసాలో రాత్రంతా ఉంచి, తెల్లారాక ఒక ముక్కను చిల్లులున్న డబ్బాలో పెట్టి దాచాలి. లవంగాలు మాత్రం దాని నోటికి అందనివ్వకండి, కుక్కలకు మంచివి కావు. డబ్బా దాచే పని మీ అత్తగారికి అప్పగించి చూడండి. కుక్కను ముట్టుకోనక్కర్లేదు, దగ్గరికి రానివ్వనక్కర్లేదు. రోజంతా ఇంట్లో ఒక్కరే కూర్చునే ఆవిడకు కాటుక అంటే గోల చేసే జంతువు మాత్రమే. అది ఏం చెయ్యగలదో ఆవిడ ఇంతవరకు చూడలేదు. వంటింటికి, దేవుడి గదికి బేబీ గేటు పెట్టి, ఆవిడ పడుకునే మధ్యాహ్నం వేళ కాటుకను దాని క్రేట్‌లో (కుక్క పడుకునే బోను) ఉంచడం అలవాటు చెయ్యండి. విశ్రాంతి తీసుకోవడం కూడా ఈ రకం కుక్కలకు నేర్పాల్సిందే.

ఇక ఇచ్చెయ్యడం. పాపమా అని అడిగారు. సరైన ఇంటికి ఇస్తే పాపం కాదని నేను మనస్ఫూర్తిగా అంటాను. తను పుట్టిన పని రోజూ చేసుకునే చోటికి వెళ్లిన కుక్క మిమ్మల్ని శపించదు. ముందు గేమ్‌కీపర్‌కే ఫోన్ చెయ్యండి. బాధ్యత గల బ్రీడర్లు వెనక్కి తీసుకుంటారు, లేదా తెలిసిన వేట ఇంటికి పంపుతారు. పద్నాలుగు నెలల ఆరోగ్యమైన వర్కింగ్ కాకర్‌ను కోరుకునేవాళ్లు చాలామందే ఉంటారు. వాసన పట్టే పనికి స్పానియళ్లను పోలీసులు తీసుకుంటారు. మెల్టన్ మౌబ్రేలో ఉన్న సైనిక జంతు శిక్షణ కేంద్రం జనం ఇచ్చే కుక్కల్ని కూడా పరీక్షించి చేర్చుకుంటుంది. స్పానియల్ ఎయిడ్ లాంటి సంస్థలున్నాయి. ఇంటర్నెట్ ప్రకటన చూసి వచ్చిన ముక్కూమొహం తెలియనివాళ్లకు మాత్రం ఇవ్వకండి. ఆడకుక్క కాబట్టి పిల్లల్ని పెట్టించి అమ్ముకునేవాళ్లే ముందు వస్తారు. ఇచ్చెయ్యడంలో అసలు నష్టం పాపది. బడి నుంచి వచ్చేసరికి కుక్క మాయమయ్యేలా చెయ్యకండి. నిర్ణయించే ముందే తనకు చెప్పండి. కోప్పడనివ్వండి. వీడ్కోలు చెప్పనివ్వండి.

తిరిగిచ్చి షో కాకర్‌ను తెచ్చుకోవడం నాకు నచ్చని దారి. ఎందుకో చెప్తాను. షో కాకర్ సాధారణంగా ఇంట్లో తొందరగా కుదురుకుంటుందన్నది నిజమే. కానీ అదీ స్పానియలే. ముక్కు పని, నడక, తోడు దానికీ కావాలి. పైగా ఆ అందమైన బొచ్చును రోజూ దువ్వాలి, కొన్ని వారాలకోసారి గ్రూమర్ దగ్గరికి తీసుకెళ్లాలి, వేలాడే చెవుల్లో గాలాడక వచ్చే ఇన్ఫెక్షన్లు కనిపెట్టుకోవాలి. ఈ పనులు మీ ఇంట్లో ఎవరు చేస్తారో నేను ఊహించగలను. కాటుకను ఇచ్చేస్తే కనీసం ఏడాది ఆగండి. ఆ తర్వాత కూడా కావాలనిపిస్తే, తల్లిని చూసి, కళ్లకూ కిడ్నీలకూ సంబంధించిన డి.ఎన్.ఎ. పరీక్షల కాగితాలు చూసి, పెడిగ్రీలో (వంశావళి కాగితంలో) ఎర్ర సిరాతో రాసిన పేర్ల ముందు ఏ బిరుదులున్నాయో చూసి కొనండి. 'షో ఛాంపియన్' అని ఉందా, 'ఫీల్డ్ ట్రయల్ ఛాంపియన్' అని ఉందా అన్నది మీకు రాబోయే పదేళ్ల గురించి చాలా చెప్తుంది. కాటుక పెడిగ్రీ కూడా ఒకసారి తీసి చూడండి, రెండోరకం పేర్లే ఉంటాయని నా అంచనా.

పాపకు షో కలను ఉన్నదున్నట్టు వదిలెయ్యమనకండి. కెన్నెల్ క్లబ్‌కు పిల్లల విభాగం యంగ్ కెన్నెల్ క్లబ్ ఉంది. కుక్కను నడిపించడం, అజిలిటీ (అడ్డంకులు దాటుతూ పరుగెత్తే ఆట), ఆజ్ఞలు పాటించే పోటీలు అన్నీ అందులో నేర్పుతారు. ఎముకలు గట్టిపడే వయసు కాబట్టి ఎత్తైన దూకుళ్లకు ఇప్పుడే తొందరపడొద్దు. కాటుక లాంటి కుక్కతో అజిలిటీ నేర్చుకున్న పిల్ల, బహుశా షో రింగులో నిలబడటం కంటే ఎక్కువ సంతోషపడుతుంది.

మీ మూడో ప్రశ్న, తట్టుకోగలనా అన్నది. నన్నడిగితే మూడు నెలలు మొదటి దారి పట్టి చూడమంటాను, కానీ ఒక షరతు మీద. ఉత్తరమంతా చదివితే నడక మీది, బంతి మీది, పెరడు పూడ్చడం మీది, రైతుకు సమాధానం చెప్పుకోవడం మీది. అభిప్రాయాలు మాత్రం అందరివీ ఉన్నాయి. ఇదే ఏర్పాటుతో శిక్షణ కూడా మీ మీదే పడితే మూడు నెలలకు కాటుక బాగుపడొచ్చు గానీ మీరు మంచమెక్కుతారు. మీవారిది తెచ్చిన చెయ్యి, ఉత్సాహం కూడా ఆయనకే ఉంది. కాబట్టి వారపు తరగతి, పొద్దుటి సాధన ఆయనవి. సాయంత్రం మీది. వారాంతాల్లో పాపది, పెద్దవాళ్లు పక్కనుండగా. ఇలా కుదరదని ఆయన అంటే, అప్పుడు ఇచ్చెయ్యడం గురించి నిజాయితీగా మాట్లాడుకోవచ్చు, అందులో మీ ఓటమి ఏమీ లేదు. శిక్షకులకు ఫోన్ చేసే పని కూడా మీరు పెట్టుకోకండి. ఈ వారంలోనే ఆయన్నే చెయ్యమనండి.